పిల్లిపాపకి బారసాల, పిల్లితల్లికి గోనెసంచి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఒక ఆహ్వాన పత్రిక పడింది. పైన వినాయకుడు, మూలల్లో గులాబీలు, మధ్యలో "మా చిన్నారి ప్రిన్సెస్ నామకరణ మహోత్సవానికి తామెల్లరూ సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి, మా ఆతిథ్యం స్వీకరించి, చిన్నారిని ఆశీర్వదించ ప్రార్థన". కింద ఫొటో. చిన్నారికి మీసాలున్నాయి. నెత్తిన పింక్ రిబ్బన్, కళ్ల కింద నీటి చారలు, ముక్కు ఎక్కడుందో కాస్త వెతుక్కోవాలి. పర్షియన్ పిల్లిపిల్ల. ఆ చారలు ఆనందబాష్పాలేమీ కాదులెండి. మొహం చపాతీలా ఉంటే ముద్దొస్తుందని తరాల తరబడి ఏరి ఏరి పెంచడంతో, కన్నీరు లోపలికి పోయే దారి వంకరపోయి బయటికి కారుతోంది, అంతే.

నేను ఈ శుభకార్యానికి వ్యతిరేకిని కాను. ఇంట్లోకి కొత్త ప్రాణి వస్తోందంటే ఏర్పాట్లు చేయాల్సిందే. చేశారు కూడా. క్లబ్ హౌస్ బుక్ చేశారు. బెలూన్ల తోరణం కట్టించారు. చెక్క ఉయ్యాలకి బంతిపూలు చుట్టారు. ఫొటోగ్రాఫర్, క్యాటరింగ్, రిటర్న్ గిఫ్ట్‌గా పిల్లి బొమ్మ ఉన్న కీచైన్. డీజేని పిలవలేదని కాదు, పిలిచారు, కాకపోతే "పాప భయపడుతుందేమో" అని సౌండ్ కాస్త తగ్గించమన్నారట. బాధ్యతగల తల్లిదండ్రులు.

ఇక ముహూర్తం. ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి బంగారు ఉంగరంతో పేరు రాశారు. ఐదుగురు ముత్తైదువలు ఉయ్యాల చుట్టూ నిలబడ్డారు. పాపని ఉయ్యాల్లో వేశారు. పాప బయటికి దూకింది. మళ్లీ వేశారు. మళ్లీ దూకి, ఈసారి లాలిపాట పాడుతున్న ఆంటీ పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని నడుం దాకా ఎక్కింది. ఆవిడ పాట ఆపలేదు, శ్రుతి మాత్రం మారింది. అక్కణ్ణుంచి కిందపడి, క్యాటరింగ్ బల్ల కిందికి పోయి, వాటర్ బాటిళ్లు తీసేసిన ఖాళీ అట్టపెట్టె వెనక మూలకి నక్కింది. చెవులు వెనక్కి పెట్టి, ఒళ్లంతా పొంగించి, పొట్ట ఎగిరెగిరి పడుతుంటే "అబ్బ, సిగ్గు చూడు దానికి" అన్నారు ఎవరో. లాగి తెచ్చారు. అక్షింతలు వేశారు. ఉగ్గుగిన్నెతో, వెండిదే సుమా, ఆవుపాలు పట్టారు. కేకు మీది క్రీమ్ మూతికి రాశారు, ఫొటో బాగా వస్తుందని. భోజనాల్లో మనం పెరుగు దాకా వచ్చేసరికి ఆ పాలు తమ పని చేశాయి, అదీ లాలిపాట ఆంటీ ఒళ్లోనే. ఇది శుభమా అశుభమా అని రెండు బల్లల మీద చర్చ నడిచింది. పిల్లికి ఆవుపాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, అంత చిన్న ప్రాణికి ఒంట్లో నీరు పోతే ఎక్కువసేపు తట్టుకోలేదు అని నేనన్నాను. "అదేంటండీ, పిల్లి పాలు తాగకపోతే ఇంకేం తాగుతుంది?" అన్నారు. కళ్లు మూసుకుని పాలు తాగేది పిల్లి ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆ పిల్లకి కావాల్సిందంతా ఆ హాల్లోనే, డబ్బు పెట్టకుండా ఉంది. అది దాక్కున్న అట్టపెట్టె. ఆ పెట్టెలో ఓ పాత చీర పరిచి, మనుషుల రాకపోకలు లేని చిన్న గదిలో పెట్టి, ఓ మూల అంచు తక్కువున్న ట్రేలో ఇసుక పోసి, దానికి దూరంగా నీళ్లూ తిండీ పెట్టి, మనం నోరు మూసుకుని కాసేపు కింద కూర్చుంటే చాలు. అదే వస్తుంది. ఆ రోజే రాకపోవచ్చు. కానీ నోరు మూసుకుని కూర్చోవడం అనే ప్యాకేజీ ఏ ఈవెంట్ మేనేజర్ దగ్గరా లేదు.

పాప వయసెంతండీ అని అడిగాను. రెండు నెలలని చెప్పి అమ్మారట. నోరు తెరిచి చూస్తే వెనక పళ్లు ఇంకా రానే లేదు. కనీసం ఎనిమిది వారాలు, ఇంకా మంచిదంటే పన్నెండు వారాలు తల్లి దగ్గర, తోడబుట్టినవాటితో ఉండాలి. ఎంత గట్టిగా కొరికితే అవతలిదానికి నొప్పో పిల్లిపిల్ల అక్కడే నేర్చుకుంటుంది. మరి టీకాలు? "ఇంట్లోనే ఉంటుంది కదండీ, ఎందుకు?" ప్యాన్‌ల్యుకోపీనియా అనే జబ్బు మన చెప్పులకి అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది, టీకా పడని పిల్లిపిల్లల్ని చాలావాటిని తీసుకుపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది వేయించి, మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాలు నిండేదాకా వేయిస్తూ పోవాలి, పన్నెండు వారాలు నిండాక రేబిస్‌ది. ఆ ఖర్చంతా కలిపినా బెలూన్ల తోరణానికి సరిపోదు. అన్నట్టు ఆ బెలూన్లకి కట్టిన సన్న రిబ్బన్ ఒక్కటి మింగితే పేగులు కుచ్చిళ్లు పెట్టినట్టు ముడుచుకుపోతాయి, ఆపరేషన్ దాకా పోతుంది.

ఇంకో మహా ఇల్లాలు సలహా ఇచ్చింది: తుమ్ముతుంటే పిల్లల జ్వరం సిరప్ రెండు చుక్కలు వేయమని. ఆ సిరప్‌లో ఉండే పారాసెటమాల్ పిల్లికి విషం. సలహా కాదు అది, హత్యాప్రయత్నం. "మేం నీచు ముట్టమండీ, ప్రిన్సెస్‌కి పెరుగన్నం అలవాటు చేస్తున్నాం" అన్నారు తండ్రిగారు గర్వంగా. పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసం నుంచే రావాలి, లేదా కంపెనీ మేతలో విడిగా కలపాలి. అది లేకపోతే మెల్లగా చూపు పోతుంది, గుండె పాడవుతుంది. పుణ్యం మీది, గుడ్డితనం దానిది.

సరే, ఇంతదాకా నవ్వుకున్నాం. ఈ బారసాల వారంలోనే మా బేస్‌మెంట్‌లో జనరేటర్ వెనక ఇంకో తల్లి మూడు పిల్లల్ని పెట్టింది. మామూలు చారల పిల్లి. కళ్లు కూడా తెరవలేదు పిల్లలు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు కదా, ఇది మాత్రం ఒక్క మూలే చూసుకుంది, పాపం నమ్మి. బారసాలకి వచ్చే బంధువులకి ఎదురొస్తే అపశకునమట. సెక్రటరీ గారు వాచ్‌మన్‌ని పిలిచి గోనెసంచి ఇచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు అవతల వదిలేసి రమ్మన్నారు. తల్లి దొరకలేదు. పిల్లలు దొరికాయి. అక్షింతలు వేసిన చేతులే ఆ మెసేజ్‌కి చప్పట్ల ఎమోజీలు పెట్టాయి. నాలుగు వారాల లోపు పిల్లకి తన ఒంటి వేడి తను నిలుపుకోవడం రాదు, తల్లి నాకితే తప్ప మూత్రం కూడా రాదు. వదిలేయడం అనకండి దాన్ని. చంపడం అది. సిగ్గులేని పని. ఆ రాత్రంతా ఆ తల్లి జనరేటర్ చుట్టూ తిరిగి అరిచింది, నిద్ర పట్టడం లేదని గ్రూపులో కంప్లైంట్ కూడా పెట్టారు.

చట్టం లేదా అంటే ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11. ఏ జంతువునైనా ఆకలికో దప్పికకో మాడేలా వదిలేయడం కూడా అందులో నేరమే. మొదటిసారి అయితే జరిమానా పది నుంచి యాభై రూపాయలు. పొరపాటున సున్నాలు రాలిపోలేదు, యాభయ్యే. రేపు ప్రిన్సెస్ సోఫాలు గీరి, చీరలకి బొచ్చు అంటించి, ఈడొచ్చి రాత్రిళ్లు అరవడం మొదలుపెట్టాక, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడానికి బద్ధకించి ఏ చేపల మార్కెట్ దగ్గరో దింపేసి వచ్చినా ఆ జరిమానా కీచైన్ ఖరీదు. పైగా ఆ ఒంటినిండా ఉన్న బొచ్చుని రోజూ దువ్వాలి, ఆ నొక్కుకుపోయిన ముక్కుతో మన మే నెల ఎండలో వీధిలో ఎన్నాళ్లు బతుకుతుందో మీరే లెక్కేసుకోండి.

నిన్న గ్రూపులో కొత్త నోటీసు. బేస్‌మెంట్‌లో ఎలుకలు, పందికొక్కులు పెరిగి కార్ల వైర్లు కొరికేస్తున్నాయి కాబట్టి పెస్ట్ కంట్రోల్ పెట్టిస్తున్నాం, ఫ్లాటుకి మూడొందలు కట్టగలరు. మందు పెడితే మా పాపకి ప్రమాదం కాదా అని తండ్రిగారు అడిగారు. పాప ఇల్లు దాటి బయటికి రాదుగా అని సెక్రటరీ గారి జవాబు.