నడుం లావున్న రాయి

మా సీమలో సెంటు అంటే రెండు రకాలు. ఒకటి పొలం సెంటు, సుమారు 40 చదరపు మీటర్లు. దీనికోసం అన్నదమ్ములు మాటలు మానేస్తారు, కోర్టుల చుట్టూ తిరుగుతారు, గట్టు జానెడు ఇటు జరిగిందేమోనని రాత్రిపూట టార్చిలైటు వేసుకుని వెళ్లి మరీ కొలుస్తారు. రెండోది వజ్రం సెంటు. క్యారెట్‌లో నూరో వంతు, అంటే 2 మిల్లీగ్రాములు. దీన్ని ఎవరు ఎటు జరిపినా మనం కిక్కురుమనం. ఇంత అన్యాయం మీద ఇంతవరకూ ఒక్క నాయకుడైనా పాదయాత్ర చేయలేదంటే నాకు నిద్ర పట్టడం లేదు.

తొలకరి నాలుగు చినుకులు పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో జనం వంచిన తల ఎత్తరు. అటు అనంతపురం వైపు వజ్రకరూరు ఉండనే ఉంది, ఊరి పేరులోనే సరుకు పెట్టుకుని. ఎవరో ఒకరికి రాయి దొరుకుతుంది. వ్యాపారి వచ్చి దాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టి ఒక రేటు చెబుతాడు. దొరికినవాడి కంటికి అది మూడు క్యారెట్ల రాయి. వ్యాపారి కంటికి మాత్రం అందులోంచి బయటికొచ్చే ఒకటిన్నర క్యారెట్లే కనబడతాయి. గుండ్రంగా సానబట్టేసరికి ముడి రాయిలో సగం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, పొడైపోతుంది మరి. నగల షాపులో పది శాతం తరుగు అంటే గుండె పట్టుకునే మనం ఈ యాభై శాతం తరుగు గురించి ఏనాడైనా అడిగామా?

అడిగే అలవాటు మనకు మొదట్నుంచీ లేదు. కృష్ణా తీరంలో కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్, లండన్ చేరేసరికి పాత లెక్కలో 186 క్యారెట్లు. మెరుపు చాల్లేదని విక్టోరియా రాణిగారి భర్త 1852లో దాన్ని మళ్లీ కోయించాడు. ముప్పై ఎనిమిది రోజుల పని, ఎనిమిది వేల పౌన్ల ఖర్చు, చివరికి మిగిలింది 105.6 క్యారెట్లు. అంటే నలభై శాతానికి పైగా తరుగు! రాయిని వెనక్కి ఇమ్మని అందరూ అడుగుతారు గానీ, ఆ పొడి ఎవరి ఖాతాలో రాశారని ఒక్కరూ అడగరు.

సరే, ఇంత తరుగు ఎందుకయ్యా అంటే కోణాల కోసమట. 1919లో టోల్కోవ్‌స్కీ అనే ఆయన లెక్కలు కట్టి, వజ్రం కింది భాగం 40.75 డిగ్రీలు, పై భాగం 34.5 డిగ్రీలు ఉంటే పైనుంచి దూరిన వెలుతురు కిందికి జారిపోకుండా తిరిగి మన కంట్లోకే వస్తుందని తేల్చాడు. కింది భాగం మరీ పల్చనైతే రాయి చేప కన్నులా కనబడుతుంది, మరీ లోతైతే మధ్యలో మేకు తలలా నల్లబడుతుంది. ఈ డిగ్రీ రెండు డిగ్రీల తేడాల కోసం సూరత్‌లో మనుషులు కళ్లకు భూతద్దం పెట్టుకుని, నూనె, వజ్రపు పొడి పూసిన ఇనప చక్రం ముందు రోజంతా కూర్చుంటారు. వజ్రాన్ని వజ్రమే అరగదీయాలి, అదీ రాయి ఒప్పుకున్న వైపు నుంచే. యాభై ఏడు ముఖాలు ఇలా తీయాలి. మనకు తారు రోడ్డు మీద ఒక్క ముఖం చదునుగా తీయడానికి మూడు టెండర్లు పడుతున్నాయి, అది వేరే సంగతి.

ఇంత పని జరిగాక రేటు దేని మీద కడతారో నాకు ప్రొద్దుటూరులో తెలిసింది. మా ఆవిడకు ఉంగరం చేయిద్దామని ఒక షాపుకు వెళ్లాను. ఆయన రెండు రాళ్లు తీసి, నా మీద అనుమానంతో కాదు గానీ, ముందు ఫ్యాన్ ఆపించాడు. చుట్టూ గాజు పలకలున్న కాటాలో పెట్టి తలుపు మూశాడు. అందరం ఊపిరి బిగబట్టాం. మొదటిది 48 సెంట్లు, రెండోది 51. తీరా తెల్ల కాగితం మీద పక్కపక్కన పెడితే 48 సెంట్ల రాయే వెడల్పుగా ఉంది, దగదగలాడుతోంది. 51 రాయి భోజనం చేసి కునుకు తీస్తున్నట్టుంది. పక్కనుంచి చూస్తే అసలు విషయం బయటపడింది: దాని నడుం లావు. పైముక్కకూ కిందిముక్కకూ మధ్య ఉండే అంచును సన్నగా తీయాల్సింది పోయి, సానబట్టినవాడు అక్కడే మూడు సెంట్లు దాచాడు. తీస్తే రాయి అర క్యారెట్ గీత కిందికి జారుతుంది, రేటు దబ్బున పడిపోతుంది. వాడి తప్పేం లేదు, వాడు చదువుకున్నది మనల్నే.

"నడుం ఇంత లావేంటండీ?" అన్నాను.

"అదే స్ట్రాంగ్ సార్. సన్నగా ఉంటే అంచు లేచిపోతుంది."

అందులో కొంత నిజం ఉంది, మరీ సన్నని అంచు పెచ్చు ఊడుతుంది. ఇంత లావు మాత్రం అక్కర్లేదు. ఇదంతా తెలిసిన నేను ఏ రాయి కొన్నానంటారా? 51దే. ఎక్కువ డబ్బు కట్టి మరీ. పెళ్లిళ్లలో "అర క్యారెట్" అని చెప్పుకోవచ్చు, "నలభై ఎనిమిది సెంట్లు, కానీ కోత బాగుంది" అని చెబితే వినేవాడెవడు?

జాతకం రాళ్ల దగ్గరైతే ఈ కోణాల గొడవే లేదు. అయిదు క్యారెట్ల కనకపుష్యరాగం అన్నారు సిద్ధాంతిగారు, అయిదుండాలి. అందుకే ఆ రాళ్లకు కింద పొట్ట పెంచుతారు. ఆ పొట్ట వల్ల రంగు పెరగదు, మెరుపు పెరగదు, బిల్లు పెరుగుతుంది. గురుగ్రహం తూకమే చూస్తాడని షాపులవాళ్లకు గట్టి నమ్మకం.

మొన్న పత్తికొండ నుంచి మా బామ్మర్ది వచ్చాడు. గట్టు తగాదాలో సర్వేయరు రెండోసారి కొలిచి వెళ్లాడని చెబుతూనే అక్క చేతికున్న ఉంగరం చూశాడు.

"ఎన్ని సెంట్లు బావా?"

"యాభై ఒకటి."

"అరెకరా పైన ఒక సెంటు!" అన్నాడు. వేలు పట్టుకుని ఉంగరాన్ని పక్కకు తిప్పి, కాసేపు ఆ నడుం వైపే చూశాడు.

"ఇందులో గట్టుకెంత పాయ బావా?"