గోడలోని గుడగుడ గారికి

మహారాజశ్రీ డ్రెయిన్ పైపు గారికి, గోడకు ఇవతలి వైపు నుంచి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. మీ కుశలం ఎలా ఉందో మొన్న కోసి చూశాం. మా కుశలం అంటారా, నాలుగు పాత తువ్వాళ్లు, ఒక బకెట్టు, నేల తుడిచే కర్ర ఏడాదిగా వాషింగ్ మిషన్ చుట్టూ కాపలా కాస్తున్నాయి. బట్టలు ఉతికే రోజున ఇంట్లో కనీసం ఇద్దరుండాలని మాకో రూలు. ఒకరు ఉతకడానికి, ఒకరు నేల వైపు చూస్తూ కూర్చోడానికి.

మీరు మాట్లాడటం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. మొదట్లో మిషన్ నీళ్లు వదలడం అయిపోగానే గోడలోంచి ఒక్క గుటక వినిపించేది. గుళుక్. పాత ఇల్లు కదా, ఏదో ఒకటి అంటూ ఉంటుందిలే అనుకున్నాం. కొన్నాళ్లకు అది గుడగుడ అయింది. ఆ తర్వాత పక్క గదిలోని సింకు కూడా గొంతు కలిపింది. మీరు ఇక్కడ ఎత్తుకుంటే అది అక్కడ వంత పాడేది. చివరికి వాసన. కుళ్లిన గుడ్డు వాసన. ఉతికిన రోజు సాయంత్రం మొదలయ్యేది. మా అమ్మ విసుక్కుంటూ పైపులో ఓ మగ్గు నీళ్లు పోస్తే ఆగిపోయేది. ఎందుకు ఆగిపోతోందని మాలో ఒక్కరికీ ఆలోచన రాలేదు. జవాబు మగ్గులోనే ఉంది, మేం దాన్ని రోజూ కడిగి బోర్లించేవాళ్లం.

ఇన్ని రకాల చప్పుళ్లు వచ్చిన మీకు, అసలు సంగతి ఒక్కసారి తిన్నగా చెప్పడం మాత్రం రాలేదు. పైగా అనుమానం మీ మీదికి రాకుండా ఎంత జాగ్రత్తపడ్డారు! ముందు మిషన్‌ని అనుమానించాను. ఫిల్టరు విప్పితే ఒక పిన్నీసు, రెండు గుండీలు దొరికాయి. ఇవిగో దొంగలు అని ఇంటిల్లిపాదికీ చూపించాను. తర్వాత సబ్బు పొడి మార్చాను. తర్వాత మిషన్ వెనకాల గొట్టం మార్చాను. ఆఖరికి పైపులు శుభ్రం చేసే పొడి డబ్బా ఒకటి తెచ్చి మీ నోట్లో పోశాను. ఆ డబ్బా మీది బొమ్మలో పైపు లోపల అద్దంలా మెరిసిపోతోంది. మీరా బొమ్మ చూసి ఉంటే పగలబడి నవ్వేవారు. ఆ పొడి జుట్టునీ జిడ్డునీ కాస్త కరిగిస్తుందేమో గానీ, తుప్పు ముందు దాని పప్పులేం ఉడుకుతాయి? వేడెక్కి, ఘాటుగా ఆవిరి కక్కి, ఒక్క పూట దారిచ్చింది. మర్నాటికి మీరు మళ్లీ మామూలే.

ఆ తర్వాతే కదా ఆ రాత్రి వచ్చింది. దుప్పట్లు వేశాం. మిషన్ పంపు మొదలైంది. మీరు ఒక గుక్క మింగారు, రెండో గుక్క మింగారు, మూడోది వద్దన్నారు. నల్లటి నీళ్లు గోడ వెంట కారి, వెనకాలే నురగ తలుపు కింద నుంచి హాల్లోకి వచ్చింది. ఎంత తీరిగ్గా వచ్చిందంటే, చుట్టం వచ్చినట్టే వచ్చింది. నేను పరుగెత్తి మిషన్ ప్లగ్గు పీకేశాను.

మర్నాడు నేను చేసిన పని గురించి రాయాలంటే సిగ్గుగానే ఉంది. మీ నోటికీ మిషన్ గొట్టానికీ మధ్య ఉన్న సందు చుట్టూ టేపు చుట్టేశాను, ఆరేడు చుట్లు. పైకి పొంగే దారి మూసేస్తే చచ్చినట్టు కిందికే పోతారు కదా అని నా లెక్క.

నాలుగు రోజుల తర్వాత ప్లంబర్ వచ్చాడు. పెద్దాయన. వచ్చీ రాగానే టేపు మీద టార్చి వేశాడు.

"ఇదెవరు చుట్టారండీ?"

"ఈ ఇంట్లో మాకు ముందున్నవాళ్లు అనుకుంటా," అన్నాను.

ఆయన వేలితో నొక్కి చూశాడు. "జిగురింకా ఆరలేదు," అని ఊరుకున్నాడు.

ఆ సందు మన నిర్లక్ష్యం వల్ల మిగిలిపోయింది కాదట, కావాలని వదిలేదట. దాన్ని బిగించేస్తే పైపులో మురుగు ఎదురు తన్నినప్పుడు తిన్నగా మిషన్‌లోకే వచ్చే వీలుంటుంది. లేదా మిషన్ నింపుకుంటున్న మంచినీళ్లే గొట్టం పట్టుకుని కిందికి జారిపోతూ ఉంటాయి. నేనేమో అదేదో గొప్ప ఇంజనీరింగ్ అనుకుని ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

గోడ తెరిచాక మీ చరిత్ర బయటపడింది. మీరసలు వాషింగ్ మిషన్ కోసం పుట్టిన పైపే కాదు. గోడలో రెండు ఇనుప బ్రాకెట్ల మొదళ్లు మిగిలి ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ చేత్తో ఉతుక్కునే తొట్టి ఉండేదని వాటిని చూసి ప్లంబర్ చెప్పాడు. తొట్టికి మీ ఒకటిన్నర అంగుళం వెడల్పు చాలు. బిరడా తీస్తే నీళ్లు వాటి తీరిక కొద్దీ దిగుతాయి. మిషన్‌కి తీరికెక్కడిది? దానికి పంపు ఉంది, నిమిషంలో పదుల లీటర్లు తోసేస్తుంది. ఎవరో తొట్టి పీకి మిషన్ పెట్టి, దాని గొట్టాన్ని మీ నోట్లో దోపి చేతులు దులుపుకున్నారు. ఇప్పటి ప్లంబింగ్ నియమాలు మామూలుగా మిషన్‌కి 2 అంగుళాల పైపు అడుగుతాయి. అర అంగుళం తేడాకి ఇంత గొడవా అని కాగితం మీద లెక్క వేశాను. లోపలి దారి దాదాపు 78 శాతం పెరుగుతోంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అదైనా మీరు కొత్తగా ఉన్నప్పటి కొలత. మీరు జీఐ పైపు, అంటే ఇనుము మీద జింకు పూత. పూత ఉన్నన్నాళ్లూ బాగానే ఉంటుంది. అది అరిగాక లోపల తుప్పు పొక్కులు లేస్తాయి. పొక్కులకు బట్టల పీచు తగులుకుంటుంది, పీచుకు సబ్బు జిడ్డు పడుతుంది, ఆ జిడ్డుకు మళ్లీ పీచు. మీలోంచి కోసిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చిటికెన వేలు పెట్టి చూశాను. రెండో కణుపు దగ్గర ఇరుక్కుంది. చుట్టూ పాత కంబళి ముక్కలా బూడిద రంగు పీచు, పొరలు పొరలుగా. మధ్యలో ఒక సన్నటి నీలం పొర. ఏదో ఒక ఏడాది నేను కొన్న జీన్స్ రంగు వదులుతోందని ఇంట్లో పెద్ద గొడవైంది. ఆ రంగెక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. మా ఇంటి బట్టల చరిత్రంతా మీరు దాచిపెట్టారు. ఆల్బమ్ కూడా ఇంత శ్రద్ధగా ఎవరూ దాచరు.

ఇంతకీ మీ అసలు జబ్బు ఇరుకు కాదట. ప్లంబర్ గోడలో పైకీ కిందికీ టార్చి వేసి, పైన ఏమీ లేకపోవడం చూసి, "దీనికి ఊపిరి లేదండీ," అన్నాడు. నిండు సీసాని ఒక్కసారిగా బోర్లిస్తే నీళ్లు తిన్నగా రావు. గుడగుడమంటూ ఒక గుక్క బయటికి, ఒక బుడగ లోపలికి. మూడేళ్లుగా మీరు చేస్తున్నది అదే. నీళ్లు కిందికి దూకినప్పుడు వెనకాల చోటు ఖాళీ అవుతుంది, అక్కడికి గాలి రావాలి. ఆ గాలి కోసమే వెంట్ పైపు, నిలువుగా పైకప్పు దాటి ఆకాశంలోకి. మీకది లేదు. లేకపోతే మీరేం చేశారు? అందిన చోట గాలి పీల్చుకున్నారు. మీ కింద వంపులో నిలవ ఉండాల్సిన నీళ్లను కూడా పీల్చేశారు.

ఆ వంపులో నిలిచే నీళ్ల గురించి ఇంటికొచ్చిన వాళ్లెవరికీ మనం చెప్పం. టైల్స్ చూపిస్తాం, కుళాయి చూపిస్తాం. కానీ ఇంటికీ మురుగు కాలువకీ మధ్య ఉన్న తలుపు అదొక్కటే. 2 నుంచి 4 అంగుళాల నీళ్లు, అంతే. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు మరుగుదొడ్డికి ఈ ఎస్ ఆకారపు వంపు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. వాసన రాకుండా నీళ్లనే బిరడాగా వాడాలన్న ఆలోచన గొప్పది. కానీ ఎస్ వంపు వెంటనే నిట్టనిలువుగా కిందికి దిగుతుంది కాబట్టి, జోరుగా వెళ్లే నీళ్లు వంపులోని నీళ్లను కూడా వెంటేసుకుపోతాయి. అందుకే ఇప్పుడు దాన్ని వద్దంటారు. మీది ఎస్ వంపే. మా అమ్మ మగ్గుతో పోసింది నీళ్లు కాదు, ఊడిపోయిన తలుపు.

పైకప్పుకి కన్నం పెట్టాలనగానే నాకు టెన్షన్ పట్టుకుంది. గోడలోనే చిన్న గాలి వాల్వు పెట్టి సరిపెట్టలేమా అని అడిగాను. కొన్నిచోట్ల ఒప్పుకుంటారట. కానీ అది గాలిని లోపలికే రానిస్తుంది, బయటికి పోనివ్వదు. పైగా గోడలో పాతిపెట్టకూడదు, చేతికి అందేలా ఉండాలి, చెడిపోతే మార్చుకోవాలి. "మళ్లీ గోడ వెనకాల ఇంకొకరిని దాచిపెడతారా?" అన్నాడు పెద్దాయన. కన్నానికే ఒప్పుకున్నాను.

పనంతా రెండు రోజులు. కొత్త పీవీసీ పైపు, నేల పైన అందే ఎత్తులో పి-ట్రాప్ (నీళ్లు నిలిచే పి ఆకారపు వంపు), దాని మీద మిషన్ గొట్టం వేలాడేలా 30 అంగుళాల నిలువు పైపు. ట్రాప్ నుంచి వెంట్ దాకా వెళ్లే ముక్కకి అడుగుకి పావు అంగుళం వాలు. నాకు అతి తెలివి ఎక్కువ కదా, ఇంకాస్త వాలు పెడితే ఇంకా జోరుగా పోతుంది కదండీ అన్నాను. ఆ ముక్క పొడవునా మొత్తం వాలు పైపు వ్యాసాన్ని మించితే, గాలి వచ్చే నోరు ట్రాప్‌లోని నీటి మట్టం కంటే కిందికి పోతుందట. అప్పుడు ఆ ముక్క నీళ్లతో నిండిపోయి మళ్లీ అదే పీల్పుడు, అదే గుడగుడ. రెండు అంగుళాల పైపుకి పావు అంగుళం వాలుతో 8 అడుగులు, ఆ తర్వాత హద్దు. మాది మూడడుగులు కూడా లేదు. అయినా ఆయన లెవెల్ పెట్టి నాలుగుసార్లు చూశాడు. నేను టేపు చుట్టినప్పుడు ఒక్కసారైనా ఏదైనా చూశానా అని గుర్తుచేసుకోబోయి మానేశాను.

అతుకుల దగ్గర ముందు ఊదా రంగు ప్రైమరు, ఆపైన సొల్యూషన్, అంటే పైపులు అతికే జిగురు. దూర్చి, పావు తిప్పు తిప్పి, కదలకుండా కాసేపు పట్టుకోవాలి. ఒక ఎల్బో, అంటే మలుపు ముక్క, పట్టుకునే గౌరవం నాకిచ్చారు. వారం రోజులైంది, బొటనవేలు ఇంకా ఊదాగానే ఉంది. ఓటేసినవాడిలా తిరుగుతున్నాను.

మొదటి ఉతుకు నాడు అందరం మిషన్ ముందు కుర్చీలు వేసుకున్నాం. పంపు మొదలైంది. నీళ్లు వెళ్లిపోయాయి. ఏమీ వినిపించలేదు. మా అమ్మ లేచి మిషన్‌కి చెవి ఆనించి, "ఆగిపోయిందేమోరా, చూడు," అంది.

ఇప్పుడు ఈ ఉత్తరం ఎందుకంటే, పైనున్న మీ సగం ఆరు ముక్కలై పెరట్లో పడుంది గానీ, నేల కిందున్న సగం అలాగే ఉంది. మీరు అక్కడ పోత ఇనుము. తారు పట్టించిన జనపనార కూరి, మీద సీసం కరిగించి పోసిన పాతకాలపు అతుకులు. ప్లంబర్ సుత్తి పిడితో తట్టి, చెవి పెట్టి విని, "ఇది ఇంకా ఉంటుంది," అన్నాడు. ఎన్నాళ్లంటే నవ్వాడు. మీకూ కొత్త పైపుకీ మధ్య రెంటినీ కలిపే ఒక రబ్బరు కప్లింగ్ వేసి, స్టీలు పట్టీలతో బిగించాడు. అంటే మా ఇంట్లో ఉతికే ప్రతి చొక్కా నీళ్లూ ఆఖరికి మీ చేతిలోనే పడుతున్నాయన్నమాట. మహారాజశ్రీ అని మొదలుపెట్టింది అందుకే.

మీ నెత్తిన క్లీనవుట్ మూత, అంటే లోపల శుభ్రం చేయడానికి తీసే మూత, ఒకటి పెట్టించాను. ఏడాదికోసారి తీసి పలకరిస్తాను. మిషన్ గొట్టానికి పీచు పట్టే జాలీ కట్టాను. ఇకమీదట నా జీన్స్ రంగు తప్ప ఇంకేమీ మీ దాకా రాదు. మీరు కూడా ఏదైనా చెప్పాలనుకుంటే దయచేసి మూడేళ్లు ఆగకండి. ఒక్క గుళుక్ అంటే చాలు, వెంటనే ఫోన్ చేస్తాను.

ఇట్లు,
గోడకు ఇవతలి వైపు కాపురముంటున్న
తమ విధేయుడు

తా.క. ఆ టేపు చుట్టింది నేనే. ప్లంబర్ దగ్గర ఇప్పటికీ ఒప్పుకోలేదు. మీరూ చెప్పకండి.