వెనక ఎన్ని అడుగులున్నాయో చూసి స్పాంజ్ కొనండి

మా క్లబ్బులో టేబుల్ టెన్నిస్ (టీటీ) టేబుల్ వెనక ఒక ఇనప బీరువా ఉంది. టేబుల్ అంచుకీ దానికీ మధ్య ఆరడుగులు కూడా ఉండవు. పోయిన వేసవి సెలవుల్లో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఆ ఆరడుగుల్లోనే చాపర్ (టేబుల్‌కి దూరంగా నిలబడి బంతిని పైనుంచి కిందికి కోసినట్టు తిప్పికొట్టేవాడు) అవుదామని మొదలుపెట్టాడు. ఫోన్‌లో వీడియోలు చూసి, బ్యాట్‌కి అంటించే రబ్బరు షీటు, పైన పొడుగాటి బుడిపెలుండే లాంగ్ పింపుల్స్ రకం, కింద మెత్తని స్పాంజ్ పొర అసలే లేనిది తెప్పించుకున్నాడు. నెల తిరక్కుండానే నా దగ్గరికొచ్చి, "మావయ్యగారూ, దీంతో కట్ పడట్లేదండి" అన్నాడు. కట్ అంటే బంతికి పెట్టే బ్యాక్‌స్పిన్, వెనక్కి తిరుగుడు.

షీటు మంచిదే. కట్ ఎందుకు పడట్లేదో తెలియాలంటే వాడికి ఎదురుగా ఆడేది ఎవరో చూడాలి. రిటైరైన పంతుళ్లు, బ్యాంకు ఉద్యోగులు. బంతిని మెల్లగా తట్టి మూలకి పంపుతారు. లూప్ (బంతిని ముందుకి బాగా తిప్పే టాప్‌స్పిన్ దెబ్బ) కొట్టేవాళ్లు ఇద్దరో ముగ్గురో, వాళ్లూ ఆదివారాలే వస్తారు. భీమవరం నుంచి అమలాపురం దాకా నేను ఆడిన చిన్న క్లబ్బులన్నిటిలోనూ కాస్త అటూ ఇటూగా ఇదే ఆట.

చాప్‌లో అసలు జరిగేదేమిటో చూద్దాం. టాప్‌స్పిన్ బంతి మనవైపు దొర్లుకొచ్చే చక్రం లాంటిది. దాని పైభాగం మనవైపు తిరుగుతుంటే, మన బ్యాట్‌కి తగిలే ముఖం కిందికి తిరుగుతుంటుంది. బ్యాట్ కదపకుండా నున్న రబ్బరు అడ్డం పెట్టామా, రబ్బరు ఆ ముఖాన్ని పట్టేసుకుంటుంది, బంతి బ్యాట్ మీద పాకినట్టు పైకి లేస్తుంది. అందుకే చాపర్ బ్యాట్‌ని పైనుంచి కిందికి దించుతాడు. ఆ దిగుడు బంతి ముఖం తిరిగే వేగాన్ని మించితే, దానికున్న స్పిన్‌కి మనదీ కలిసి అవతలివాడికి బరువైన బ్యాక్‌స్పిన్‌గా పోతుంది. మించకపోతే బ్రేకు వేసినట్టే. బంతి గాల్లోకి లేస్తుంది, అవతలివాడు బాదేస్తాడు.

లాంగ్ పింపుల్స్ సంగతి గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పడం తేలిక. తుపాను గాలికి పొడుగ్గా, సన్నగా పెరిగిన చేను పడిపోతుంది. పొట్టి చేను నిలబడుతుంది. పింపుల్ కూడా అంతే, పొడుగుదైతే బంతి తగలగానే వాలిపోతుంది, పట్టుకోదు. బంతి తిరుగుడు చాలావరకు అలాగే ఉంటుంది, వెళ్లే దిక్కు మాత్రం మారుతుంది. మనకి టాప్‌స్పిన్‌గా వచ్చిందే అవతలివాడికి బ్యాక్‌స్పిన్ అవుతుంది. ఈ వాలుడికి హద్దు పెట్టడానికే అంతర్జాతీయ సమాఖ్య ఐటీటీఎఫ్ 1999లో పింపుల్ ఎత్తు దాని వెడల్పుకి 1.1 రెట్లు దాటకూడదంది. 2008లో రాపిడి అసలే లేని పింపుల్స్‌ని కూడా తీసేసింది.

చిక్కంతా ఇక్కడే. పింపుల్స్ అప్పు తీర్చే రకం, తీసుకున్నంతే తిరిగిస్తాయి. బలమైన లూప్ వస్తే బలమైన కట్ పోతుంది. పంతులుగారు స్పిన్ లేకుండా తట్టిన బంతి వస్తే తిరిగిపోయేదీ చచ్చు బంతే. పైగా 2014లో ప్లాస్టిక్ బంతులు వచ్చాక పాత సెల్యులాయిడ్ బంతికున్నంత స్పిన్ పెద్ద ఆటగాళ్ల ర్యాలీల్లోనే పలచబడింది. ఇక మా పంతుళ్ల దగ్గర ఎంతుంటుంది?

స్పిన్ రాని చోట మనమే పుట్టించుకోవాలి. అందుకు కాస్త స్పాంజ్ కావాలి. పింపుల్స్ కింద 1 మిల్లీమీటరు స్పాంజ్ ఉంటే బంతి అందులోకి కొంచెం దిగుతుంది, బ్యాట్ మీద రవ్వంత ఎక్కువసేపు ఉంటుంది, మన మణికట్టు చేసిన పని దానికి అంటుతుంది. ఒకటి కట్ చేసి, ఇంకొకటి అదే చేతివాటంతో స్పిన్ లేకుండా ఖాళీగా పంపే వీలు అప్పుడొస్తుంది. చాపర్‌కి పాయింట్లు తెచ్చేది ఆ తేడాయే. స్పాంజ్ లేని షీటుతో గట్టి దెబ్బ నేరుగా చెక్కకి తగిలి టక్కుమంటుంది. అలాంటప్పుడు బంతి ఎంత దూరం పోతుందో అంచనా వేయడం కష్టం.

అలాగని స్పాంజ్ పెంచుకుంటూ పోవడం ఇంకో తప్పు. షీటు మొత్తం మందం, జిగురుతో కలిపి, 4 మిల్లీమీటర్లు దాటకూడదన్నది రూలు. ఎటాక్ చేసేవాళ్లు నున్న రబ్బరు కింద 2 మిల్లీమీటర్లు, ఆపైన స్పాంజ్ వేసుకుంటారు. దాంతో చాప్ చేస్తే ఫోమ్ పరుపు మీద గెంతినట్టే, దిగింది దిగినట్టు పైకి తోస్తుంది. కోనసీమ కాయిర్ పరుపు మీద ఎంత గెంతినా అంతలా ఎగరం. చాప్‌కి కావలసింది ఆ కాయిర్ పరుపే. నున్న వైపు 1.5 మిల్లీమీటర్లు, మరీ మెత్తగా లేని స్పాంజ్ చాలంటాను. లేచి ఫోర్‌హ్యాండ్ కొట్టాలన్న ఆశ బాగా ఉన్నవాడు కొంచెం పెంచుకోవచ్చు, చాప్‌లో దానికి మూల్యం చెల్లిస్తాడు.

నిజానికి డిఫెండర్‌కి స్పాంజ్ పాత శత్రువు. 1952లో మన బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీల్లో జపాన్ ఆటగాడు హిరోజి సతో దళసరి స్పాంజ్ బ్యాట్‌తో సింగిల్స్ గెలిచాడు. అప్పటిదాకా స్పాంజ్ లేని పింపుల్ బ్యాట్లతో వెనక నిలబడి ఓపిగ్గా ఆడినవాళ్లకి ఆ టోర్నీతోనే కష్టకాలం మొదలైంది.

మనవాళ్లకి ఇంకో పొరపాటు ఉంది, దానికి కారణం అభిమానమే. 2018 కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచిన మణికా బాత్రా బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్ వాడుతుంది. అది చూసి పింపుల్స్ అంటే డిఫెన్స్ అనుకుంటారు. ఆమె చాపర్ కాదు. టేబుల్‌కి దగ్గరగా నిలబడి పింపుల్స్‌తో బ్లాక్ చేసి (బంతికి బ్యాట్ అడ్డం పెట్టి తిప్పి పంపి), బంతి లయ చెడగొట్టి, దాడి చేస్తుంది. 2003 ప్యారిస్ ప్రపంచ పోటీల్లో రజతం సాధించిన దక్షిణ కొరియా ఆటగాడు జూ సే హ్యుక్‌దీ లాంగ్ పింపుల్సే, కానీ అతను చాలా వెనకనుంచి తవ్వినట్టు చాప్ చేసేవాడు. పేరుకి ఒకే రకం రబ్బరైనా పనులు రెండు. టేబుల్ దగ్గర బ్లాక్‌కి స్పాంజ్ లేకపోతేనే బాగుంటుందని చాలామంది అంటారు, నేనూ ఒప్పుకుంటాను. వెనకనుంచి చాప్‌కి ఆ మాట చెల్లదు.

అందుకే మళ్లీ బీరువా దగ్గరికి వస్తున్నా. అంతర్జాతీయ పోటీల్లో ఒక్కో టేబుల్‌కి 14 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు స్థలం ఇస్తారు. టేబుల్ పొడవు 2.74 మీటర్లు తీసేస్తే ఒక్కో వైపు అయిదున్నర మీటర్లకి పైగా మిగులుతుంది. మన ఊళ్లలో కల్యాణ మండపంలోనో, లైబ్రరీ పక్కగదిలోనో టేబుల్ వేస్తే అందులో సగమైనా ఉండదు. వెనక్కి జరిగే చోటు లేనివాడు ఎంత ఖరీదైన చాప్ రబ్బరు కొన్నా, చివరికి చేసేది టేబుల్ దగ్గర బ్లాకే. దిగుమతి షీటు వేలల్లో ఉంటుంది. కొనేముందు టేపు పెట్టి వెనక గోడ దాకా కొలుచుకోవడానికి మాత్రం పైసా ఖర్చు లేదు.

డెల్టా గాలి గురించీ ఓ మాట. బంతి పక్కకి పోతుందని ఆటప్పుడు ఫ్యాన్లు కట్టేస్తాం. వానాకాలం సాయంత్రాలు గదిలో చెమ్మ చేరి నున్న రబ్బరు మీద సన్నటి తేమ పొర పడుతుంది. పైన అంటుకునే జిగట ఎక్కువున్న రబ్బరుకి ఈ బాధ మరీ ఎక్కువ. పట్టు జారి చాప్ నేరుగా నెట్‌లో పడుతుంది. ఆరు పాయింట్లకోసారి తువ్వాలు వాడుకోవచ్చని రూలుంది కాబట్టి పొడి బట్ట దగ్గరుండాలి. పింపుల్స్ వైపు ఈ ఇబ్బంది తక్కువేనన్నది నా అనుభవం, పట్టు మీద ఆధారపడే పని అక్కడ తక్కువ కదా.

బ్యాక్‌హ్యాండ్ బలహీనంగా ఉన్న పిల్లలకి వెంటనే పింపుల్స్ అంటించే కోచ్‌లంటే నాకు చిరాకు. ఏడాదైనా రెండు వైపులా 1.5 మిల్లీమీటర్ల నున్న రబ్బరుతో చాప్ నేర్పితే బ్యాట్ ఎంత వేగంగా దించాలో చేతికి తెలుస్తుంది. ఆ తెలివి పింపుల్స్‌కి మారాకా పనికొస్తుంది. పింపుల్స్‌తో మొదలుపెట్టి తర్వాత ఇది నేర్చుకోవడం మాత్రం చాలా కష్టం, ఎందుకంటే వాలిపోయే పింపుల్ తప్పుల్ని దాచేస్తుంది.

ఆ కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. నా పాత బ్యాట్ ఇచ్చి, రెండు నెలలు దాంతో ఆడమన్నాను. ఇప్పుడు బ్యాక్‌హ్యాండ్ వైపు 1 మిల్లీమీటరు స్పాంజ్ ఉన్న పింపుల్స్ వేసుకున్నాడు, పంతులుగారి తట్టుడు బంతికి కూడా అప్పుడప్పుడు కట్ పెడుతున్నాడు. బీరువా జరపమని కమిటీకి రెండుసార్లు చెప్పాం. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుకుతున్నారు.