ఉప్పుకి పడాల్సిన తొందర కత్తికి పడుతున్నాం

ఈ పోస్ట్ రాయాలా వద్దా అని మూడు నెలలు ఆగాను. "రాయక్కా, పాప పేరు మాత్రం పెట్టొద్దు" అని మా చెల్లెలే అంది కాబట్టి రాస్తున్నా. పొడవుగా ఉంటుంది. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లు, ముఖ్యంగా మేనరికాలు చేసుకున్న ఇళ్లవాళ్లు చివరిదాకా చదవండి.

పోయినేడాది తిరుపతిలో ఒక నర్సింగ్ హోంలో చెల్లెలికి కాన్పైంది. బిడ్డని తుడిచి తెచ్చిన నర్సమ్మని ఏం బిడ్డ అని అడిగితే "డాక్టరమ్మ చెప్తుంది" అని ముఖం తిప్పుకుంది. అరగంట తర్వాత డాక్టరమ్మ వచ్చి, కింద చూస్తే ఆడో మగో తేల్చి చెప్పలేకపోతున్నాం, పరీక్షలు చేయాలి అంది. మా అమ్మమ్మ వరండాలోనే కూలబడి "ఏం పాపం జేసినామే తల్లీ" అని ఏడుపు. (చెల్లెల్ని మా మేనమామకే ఇచ్చాం, కాబట్టి అమ్మమ్మే దానికి అత్త కూడా.) అక్కణ్ణుంచి ఇంకో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ రౌండ్స్‌కి వచ్చిన ప్రతి గుంపూ బిడ్డ మీద గుడ్డ తీసి చూసేది. ఆరుగురు ఒకసారి, ఎనిమిది మంది ఒకసారి. ఒకబ్బాయి ఫోన్ కూడా తీశాడు, నేను అడ్డం నిలబడ్డాను. చెల్లెలు పచ్చి బాలింత, కుట్ల నొప్పితో సరిగ్గా లేవలేదు, అయినా వాళ్లు అటు తిరగ్గానే వంగి, అమ్మ పాతచీర చింపిన గుడ్డని మళ్లీ బిడ్డ మీద కప్పేది. ఒక్క పొద్దున నాలుగు సార్లు కప్పింది. అన్ని కళ్లు చూశాయి గానీ, ఆ బిడ్డ రక్తంలో సోడియం, అంటే ఉప్పు, ఎంతుందో ఒక్కరూ చూడలేదు.

క్రోమోజోమ్ రిపోర్ట్ వచ్చాక రమ్మని ఇంటికి పంపారు. పన్నెండో రోజు పాప పాలు మానేసింది. తాగిన కాస్తా కక్కేసింది, ఒళ్లంతా వడలిపోయింది. అమ్మమ్మ దిష్టి తీసింది, పక్కింటావిడ బాలగ్రహం అంది, మేం అర్ధరాత్రి కారు మాట్లాడుకుని మూడో ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడి పిల్లల డాక్టర్ కథంతా విన్నాక మొదట రక్తం తీయించాడు. సోడియం బాగా పడిపోయింది, పొటాషియం పెరిగిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగిపోయేదమ్మా అన్నాడు. ఆయన రాత్రంతా ఆ మంచం దగ్గరే ఉన్నాడు, ఆయనకి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

జబ్బు పేరు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా, పొట్టిగా సీఏహెచ్. కిడ్నీల పైన అడ్రినల్ గ్రంథులు ఉంటాయి కదా, అవి కార్టిజాల్ అనే హార్మోన్ తయారుచేయాలి, శరీరంలో ఉప్పు నిలబెట్టే ఆల్డోస్టిరాన్ కూడా తయారుచేయాలి. దానికి కావాల్సిన 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ ఈ పిల్లల్లో సరిగ్గా ఉండదు. చెరువు తూము పూడిపోతే నీళ్లు ఎక్కడికి పోతాయి? పక్క కాలువలోకి పొర్లుతాయి. ఇక్కడా అంతే, కార్టిజాల్ చాలట్లేదని మెదడు గ్రంథిని ఇంకా ఇంకా తరుముతుంటే, అయ్యే సరుకంతా మగ హార్మోన్ల వైపు పొర్లుతుంది. ఇది కడుపులో రెండో మూడో నెలలోనే, బిడ్డ బయటి అవయవాలు రూపు కట్టే సమయంలోనే జరుగుతుంది. అందుకే ఆడబిడ్డకి క్లిటోరిస్ పెద్దదిగా, మగబిడ్డ అనిపించేలా పుడుతుంది. లోపల మాత్రం గర్భసంచి, అండాశయాలు అన్నీ మామూలుగానే ఉంటాయి, క్రోమోజోములు ఆడవాళ్లకుండే ఎక్స్ఎక్స్. మందులు సరిగ్గా వాడితే పెద్దయ్యాక చాలామంది పిల్లల్ని కూడా కంటారు. తల్లి చేసిన పాపం కాదు, గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకోవడం అసలే కాదు. తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఒకే జన్యువులో లోపం ఉండి, రెండూ బిడ్డకి వస్తేనే వస్తుంది, ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు అవకాశం. దగ్గరి రక్తంలో పెళ్లిళ్లు చేసుకునే మన వైపు ఆ రెండూ ఒకచోట కలవడం ఎంత తేలికో వేరే చెప్పాలా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాలుగేళ్ల కింద చెల్లెలి మొదటి కాన్పులో మగబిడ్డ పుట్టాడు. బంగారంలా ఉన్నాడు, చూడ్డానికి ఏ తేడా లేదు. పదిహేనో రోజు ఇలాగే కక్కుకుని, వడలిపోయి, పోయాడు. దిష్టి అనుకున్నాం, కాటికి తీసుకెళ్లాం. ఆ రాత్రి డాక్టర్ "ఇంతకుముందు పిల్లలెవరైనా పోయారా" అని అడిగినప్పుడు చెల్లెలు మా మామ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అదే జబ్బు అయి ఉండొచ్చు అన్నాడాయన. మగపిల్లలకి పుట్టినప్పుడు బయట తేడా కనబడదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మడమ నుంచి ఒక చుక్క రక్తం తీసి 17-ఓహెచ్‌పీ అనే పరీక్ష చేస్తే పట్టుకోవచ్చు. ఆ ఒక్క చుక్క!

ఇప్పుడు నా అసలు కోపానికి వస్తాను. బిడ్డ కోలుకుని ఇంటికొచ్చిన నెలకే ఇంకో చోట ఒక సర్జన్ "ఏడాది లోపల ఆపరేషన్ చేయించేయండి, ఊళ్లో ఎవరికీ తెలియకముందే సరిచేసేద్దాం, దానికి గుర్తు కూడా ఉండదు" అన్నాడు. ఇంట్లో అందరూ ఊ అన్నారు. పుట్టువెంట్రుకలు తీయించడానికి కొండకి వెళ్లేలోపే అయిపోవాలట. సరిచేయడానికి అక్కడ చెడిపోయింది ఏముంది? మూత్రం వస్తోంది, ఇన్‌ఫెక్షన్ లేదు, నొప్పి లేదు. మూత్రానికి అడ్డం ఉంటే, ప్రాణం మీదకొస్తే, కోయాల్సిందే, దాన్ని ఎవరూ కాదనరు. కానీ ఇక్కడ కోసేది నాడులు నిండిన చోట, స్పర్శ పోయినా మచ్చ కట్టి బిగుసుకున్నా వెనక్కి తెచ్చిపెట్టలేని చోట. ఒక్కసారితో అయిపోతుందన్న గ్యారంటీ లేదు, పెద్దమనిషి అయ్యే వయసులో మళ్లీ కోయాల్సి రావచ్చు. దానికి గుర్తుండదు అంటున్నారే, దాని ఒళ్లే దానికి గుర్తు.

మాకు వేలూరు గంట దారి. గుడిపాల దాటితే తమిళనాడు. ఆ గీత అవతల ఇలాంటి ఆపరేషన్ పసిబిడ్డకి చేయకూడదు. 2019 ఏప్రిల్‌లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్‌లో జస్టిస్ జి.ఆర్.స్వామినాథన్ తీర్పు ఇచ్చారు, అదే ఏడాది ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం జీవో తెచ్చింది, ప్రాణాపాయం ఉంటే తప్ప వద్దని. బిడ్డ తరఫున తల్లిదండ్రులు ఇచ్చే సమ్మతిని బిడ్డ సమ్మతిగా లెక్కేయకూడదని ఆ తీర్పులో స్పష్టంగా ఉంది. 2023లో కేరళ హైకోర్టు కూడా ఇలాగే చెప్పి, నిపుణుల కమిటీ చూడకుండా చేయొద్దంది. మాల్టా దేశం 2015లోనే చట్టం చేసింది. మన రాష్ట్రంలో అలాంటి జీవో లేదు. ఒకే ఎండ, ఒకే మామిడితోట, సరిహద్దు రాయికి ఇటు పుట్టిన పాప ఒంటికి రక్షణ లేదు, అటు పుట్టిన పాపకి ఉంది. దీని గురించి అసెంబ్లీలో ఒక్కరైనా నోరు విప్పాలి కదా?

అమ్మానాన్నల భయం నాకు అర్థం కాదనుకోకండి. స్నానం పోసేటప్పుడు ఎవరైనా చూస్తారేమో, రేపు బడిలో ఏమంటారో, పెళ్లి ఎట్లా... చెల్లెలు ఇవన్నీ అనుకుని ఏడ్చిన రాత్రులు నేను చూశాను. చిన్నప్పుడే చేయించుకోవడం మంచిదైందని చెప్పే సీఏహెచ్ ఆడవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల మాట అబద్ధం అనను. కానీ మాకు ఎందుకు కోశారు అని ఏడుస్తున్నవాళ్లూ ఉన్నారు. కోయనిది తర్వాత కోయించుకోవచ్చు, కోసింది మళ్లీ అతికించలేం. మరి ఎదురుచూడటంలో నష్టమేంటి? స్నానం పోసేవాళ్ల కళ్ల కోసం బిడ్డ ఒళ్లు మార్చాలా?

ఇది ఒక్క సీఏహెచ్ గొడవే కాదు. ఐదువేల మంది ఆడవాళ్లలో సుమారు ఒకరు గర్భసంచి లేకుండా పుడతారు, ఎంఆర్‌కేహెచ్ అంటారు, పదహారు దాటినా పెద్దమనిషి కాలేదని స్కాన్ చేయిస్తే బయటపడుతుంది. క్రోమోజోములు మగవాళ్లకుండే ఎక్స్‌వై అయినా మగ హార్మోన్‌కి ఒళ్లు స్పందించక ఆడపిల్లగానే పెరిగేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో చాలామందికి జబ్బు పేరు కూడా చెప్పరు, "గర్భసంచి చిన్నది" అని చెప్పి పంపేస్తారు. చెప్పకపోవడం కూడా ఒక రకం కోతే అని నాకనిపిస్తుంది.

మా పాపకి ఆపరేషన్ చేయించలేదు. చెల్లెలు ఒప్పుకోలేదు, నేనొక్కదాన్నే దాని పక్కన ఉన్నాను, తర్వాత మామ వచ్చాడు, అందరికంటే ఆఖర్న అమ్మమ్మ. హైడ్రోకార్టిజోన్ పది మిల్లీగ్రాముల మాత్రని పొడి చేసి, పొట్లాలు కట్టి, రోజుకి మూడు పూటలు స్పూన్‌లో పాలతో. ఒంట్లో ఉప్పు నిలబెట్టే ఫ్లూడ్రోకార్టిజోన్ మాత్ర దొరక్క నాలుగు షాపులు తిరిగిన రోజులున్నాయి. ఇంకా ఉప్పు నీళ్లు. "చంటిబిడ్డకి ఉప్పేందిమే" అని మొదట్లో కొట్లాడిన అమ్మమ్మే ఇప్పుడు ఉగ్గు గిన్నెలో కొలిచి కలుపుతుంది, జ్వరం వస్తే డోసు పెంచాలని మాకు గుర్తుచేస్తుంది.

మీ ఇంట్లో ఆడో మగో చెప్పలేకపోతున్నాం అన్న బిడ్డ పుట్టినా, రెండు మూడు వారాల్లో కక్కుకుని వడలిపోయే బిడ్డ ఉన్నా, ముందు సోడియం, పొటాషియం, 17-ఓహెచ్‌పీ చూడమని డాక్టర్‌ని అడగండి, అడగడానికి మొహమాటపడొద్దు. పిల్లల హార్మోన్ల డాక్టర్ దగ్గరికి పంపమనండి. ఆపరేషన్ కాగితం చేతికిస్తే, ఇది ప్రాణం కోసమా చూసేవాళ్ల కళ్ల కోసమా అని రాసివ్వమనండి. గుంపులుగా వచ్చి గుడ్డ తీస్తే ఒక్కరే చూడండి అని చెప్పే హక్కు మీకుంది. మాత్ర పొడి చేసి సమంగా పొట్లాలు కట్టడం ఎలాగో తెలియకపోతే నాకు మెసేజ్ చేయండి, చెల్లెలు వీడియో కాల్‌లో చూపిస్తానంది.