పాట కోసం ప్రభ కట్టారు

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి కంప్యూటర్ కట్టించాలి అని నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏ కొట్టుకైనా పోయి అడగండి. "ఏ గేమ్ ఆడతావు తమ్ముడూ?" అంటారు. గేములు ఆడనన్నా, కీబోర్డు వాయిస్తాను, సొంతంగా పాటలు చేసుకుంటాను అని చెబితే ఒకసారి జాలిగా చూసి, "అయితే ఎనిమిది ఫ్యాన్లు చాల్లే" అని తేల్చేస్తారు. సంగీతానికీ ఫ్యాన్లకీ ఇంత దగ్గరి సంబంధం ఉందని మన పెద్దలు ఎవరూ చెప్పలేదు. ఒక్క ఫ్యాను కూడా లేకుండా త్యాగయ్య అన్ని కృతులు ఎలా చేశారో, పైగా ఆ తంజావూరు ఎండల్లో, తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంది.

ఫ్యానంటే ఉత్త ఫ్యాను కాదు, లైట్లున్న ఫ్యాను. శివరాత్రికి మన పల్లెల్లో కరెంటు ప్రభలు కడతారు కదా, ఇప్పుడు అవి చిన్నవి చేసి కంప్యూటర్ కొట్లలో అమ్ముతున్నారు. ముందు అద్దం, పక్కన అద్దం. ఫ్యాన్లకి లైట్లు, ర్యామ్‌కి లైట్లు, మదర్‌బోర్డుకి లైట్లు, గ్రాఫిక్స్ కార్డు ఒరిగిపోకుండా కింద పెట్టిన పుల్లకి కూడా లైట్లు. ప్రాసెసర్ మీద నీళ్ల కూలర్, దాని నెత్తిన అరచేతిలో సగమంత టీవీ, ఆ టీవీలో తిరుగుతున్న పులి బొమ్మ. అసలు ప్రభ దగ్గరైతే కనీసం పాట వినపడుతుంది.

నేను సంగీతం తెలిసినవాణ్ణి కాను. కానీ ఈ పనికి పెట్టె ఎలా ఉండాలో తెలుసుకోవడానికి సంగీతం తెలియక్కర్లేదు. పెట్టె పక్కనే మైకు ఉంటుంది. చీమ నడిచినా వినే మైకు. అందుకని పెట్టె నోరు మూసుకోవాలి, అంతే. లావుపాటి ఎయిర్ కూలర్ ఒకటి, 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్లు రెండో మూడో ఉంటే నింపాదిగా తిరుగుతూనే చిన్న ఫ్యాన్లు రొప్పుతూ తోలే గాలంతా తోలేస్తాయి. ఒక్కో కోరు, అంటే లోపలి ఒక్కో పనివాడు, వేగంగా పనిచేసే ప్రాసెసర్ కావాలి, ఎందుకంటే ఒక ట్రాకు మీద వరసగా వేసిన ఎఫెక్టులన్నీ ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సిందే. వయొలిన్లు, వీణలు ముక్కలు ముక్కలుగా రికార్డు చేసి పెట్టిన లైబ్రరీలు వాడతారు కాబట్టి 32 జీబీ ర్యామ్, వాటిని దాచుకోవడానికి ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ప్రాసెసర్ లోపలే బొమ్మ చూపించే ఏర్పాటు ఉన్నవి బోలెడు. ఇంటెల్‌లో అయితే పేరు చివర ఎఫ్ అక్షరం లేనిది చూసుకుంటే చాలు. ఇది రహస్యం కాదు, ఫోన్లో వెతికితే ఎవరికైనా దొరుకుతుంది. కొట్టు ఆయనకి కూడా తెలుసు, అదే నా బాధ.

మాకు తెలిసిన కుర్రాడు ఒకడు, ఇందుకూరుపేట వైపు పల్లె. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తాడు. ఒక పాట ఒకసారి వింటే చాలు, సాయంత్రానికి వాయించేస్తాడు. వాళ్ల నాయన రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్ మోటార్లు రిపేరు చేస్తాడు. ఇద్దరూ కలిసి కొట్టుకి పోయారు. గోడ మీద బాలసుబ్రహ్మణ్యం గారి ఫోటో, దానికి దండ, దండ చుట్టూ లైట్లు. ఆ ఫోటో చూసి కుర్రాడికి ధైర్యం వచ్చిందట, పాట విలువ తెలిసిన కొట్టు అని.

"తక్కువలో చూడన్నా, శబ్దం రాకూడదు" అన్నాడు వీడు.

"శబ్దం ఎందుకు రాదబ్బయ్యా, లోపల స్పీకరుకి సెపరేట్ చిప్పు ఉండాది" అన్నాడాయన.

సంభాషణ అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే పాట "హ్యాంగ్ అవుద్ది" అన్నాడు. లైట్లు లేని క్యాబినెట్ అడిగితే స్టాకు లేదన్నాడు, అది ఆఫీసులకి పోతుందట, "ఇంట్లో పెట్టుకుంటే చుట్టాల ముందర ఏం బాగుంటుంది సామీ" అని వాళ్ల నాయన్ని అడిగాడు. మొత్తం లక్షా నలభై వేలు. అందులో నలభై అయిదు వేలు గ్రాఫిక్స్ కార్డుకే. రొయ్యకి రేటున్న నెలలో దాచిపెట్టుకున్న డబ్బు.

మే నెలలో రికార్డింగు పెట్టుకున్నారు. టంగుటూరు నుంచి వాళ్ల మామ వచ్చాడు. పద్య నాటకాల్లో నలభై ఏళ్లు వేషాలు కట్టిన మనిషి, మైకు లేని రోజుల్లో ఊరి చివరి అరుగు దాకా గొంతు వినిపించినవాడు. మైకూ, మైకు శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే ఆడియో ఇంటర్ఫేసూ కావలి స్నేహితుడి దగ్గర రెండు రోజులకి అడిగి తెచ్చారు. శబ్దం రాకూడదని సీలింగ్ ఫ్యాను ఆపారు. ఏసీ ఆపారు. బయట ఎండ సంగతి నెల్లూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. కుక్కర్ పెట్టొద్దన్నారు, అన్నం గిన్నెలో వండారు. పక్కింటి వాళ్ల బోరు ఆపించారు. గేదెని రెండు ఇళ్ల అవతల కట్టేశారు. అవ్వని దగ్గొద్దన్నారు, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని మూల కూర్చుంది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు మామ గొంతు సవరించుకుని రాగం అందుకున్నాడు. కుర్రాడు నాలుగు ట్రాకులు తెరిచి, పెద్ద హాల్లో పాడినట్టు మోగించే రివర్బు వేశాడు, ప్రాసెసర్ వేడెక్కింది, ఎనిమిది ఫ్యాన్లూ ఒక్కసారి లేచాయి. మామ రాగం పెంచేకొద్దీ అవి కూడా పెంచాయి. పులి బొమ్మ పోయి టీవీలో డెబ్బై ఎనిమిది డిగ్రీలు అని పడింది. గదిలో గాలి తగిలింది ఒక్క కంప్యూటరుకి మాత్రమే. మనుషులు ముగ్గురూ చెమటలో స్నానం చేస్తున్నారు.

అయ్యాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు మామ. "వెనకమాల మోటారెవరిదిరా, నీళ్లు తోడతుండారా ఎవరన్నా?" అన్నాడు. వాళ్ల నాయన కూడా విని, వృత్తి కదా, "బేరింగు పోయినట్టుండాది" అన్నాడు.

ఇక్కడితో అయిపోతే మామూలు కథే. మామ రెండోసారి పాడబోతే హెడ్‌ఫోన్లలో చిటపటలు. ఎందుకంటే ఆ లైట్ల రంగులు మార్చడానికి ఒక సాఫ్ట్‌వేర్ రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ ఒకటి, వైఫై డ్రైవర్ ఒకటి, ఇవన్నీ మధ్య మధ్యలో దూరి ప్రాసెసర్‌ని పట్టుకుంటే శబ్దానికి దక్కాల్సిన సమయం దక్కదు. చిటపటలు పోవాలంటే బఫర్ పెంచాలి, అంటే శబ్దాన్ని ఒక్కో విడతకి ఎంత పోగేసి పంపాలో ఆ గంప. శబ్దాన్ని సెకనుకి 44,100 తునకలు, అంటే శాంపిళ్లు, చేసే లెక్కన బఫర్ 128లో ఉంటే ఒక వైపుకి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. కుర్రాడు దాన్ని 1,024కి పెంచాడు, 23 మిల్లీసెకన్లు అయింది. లోపలికి పోవడం, బయటికి రావడం కలిపితే దాదాపు యాభై. యాభై మిల్లీసెకన్లలో శబ్దం 17 మీటర్లు పోతుంది. నాటకంలో హార్మోనిస్టు స్టేజి పక్కనే కూర్చుంటాడు. ఈ లక్షా నలభై వేల పెట్టె ఆయన్ని లేపి తీసుకుపోయి జనం వెనక సోడా బండి దగ్గర కూర్చోబెట్టింది. మామ పాడతాడు, తన గొంతే తనకి సోడా బండి దగ్గర నుంచి తిరిగొస్తుంది. ఆగుతాడు. మళ్లీ పాడతాడు. "నేనే తాళం తప్పుతుండానంటరా?" అని అడిగాడట మేనల్లుణ్ణి.

కొట్టుకి ఫోన్ చేస్తే, గ్రాఫిక్స్ కార్డు ఇంకొంచెం పెద్దది వేయాల్సిందన్నారు.

పైగా ఒక గుయ్‌మనే శబ్దం. ఆ ఇంట్లో ఎర్తింగు సరిగ్గా లేదు, మూడు కాళ్ల ప్లగ్గుకి మూడో కాలు ఊరికే ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. హార్మోనియంలో ఐదో తెల్ల మెట్టుని ఐదు శ్రుతి అంటారు, బాగా కింది స్థాయిలో అది 49 హెర్ట్జ్. మామది ఇప్పటికీ ఐదు శ్రుతే. ప్రభుత్వం వారు ఇంటింటికీ తంబురా ఇచ్చారు, ఒక పిసరు ఎక్కువ శ్రుతిలో! దాన్ని వింటూ పాడి, నలభై ఏళ్లు శ్రుతి తప్పని మనిషి తన చెవినే అనుమానించుకున్నాడు. కొట్టులో ఎర్తింగు గురించి ఒక్క మాట చెప్పి ఉంటే ఎలక్ట్రీషియన్ కూలీతో పోయేది. దానికి లైట్లు ఉండవు కాబట్టి చెప్పలేదు.

చివరికి కుర్రాడు శబ్దం తీసేసే ప్లగిన్ ఒకటి వేశాడు. ఫ్యాన్ల మోత పోయింది. దాంతోపాటే మామ గొంతులో ఉండే గరగర పోయింది, మాట చివర్లో ఊపిరి పోయింది, రాగం తీసి వదిలేటప్పుడు వచ్చే ఆ చిన్న వణుకు పోయింది. నేనూ విన్నాను ఆ రికార్డు. ఎవరో నున్నగా గొరిగేసిన గొంతు. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె ఇస్తారు, ఈసారి నిశ్శబ్దం రొట్టె ఎవరి దగ్గరన్నా ఉంటే ఆ కుర్రాడికి ఒకటి ఇప్పించండి.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. ఇకమీద నవ్వు రావడం లేదు. నాలుగు నెలలకి ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, పెట్టె మళ్లీ వెలగలేదు. వాళ్ల నాయన స్క్రూలు విప్పి లోపలున్న ఎస్సెంపీఎస్, అంటే పెట్టెకంతటికీ కరెంటు అందించే డబ్బా, చేత్తో ఎత్తి చూశాడు. "బరువే లేదు" అన్నాడు. ఆయన కంప్యూటర్ చదవలేదు. కానీ జీవితమంతా రాగి చుట్టినవాడు, లోపల సరుకుందో లేదో చేతికి తెలుస్తుంది. కొట్టుకి తీసుకుపోయి అదే మాట అడిగితే, "పెద్దాయనా, ఇది మోటారు కాదు" అని నలుగురి ముందు నవ్వారట. బిల్లులో అన్నిటికీ కంపెనీ పేర్లున్నాయి, ఫ్యాన్లకి కూడా ఉంది. దీని దగ్గర మాత్రం 'ఎస్సెంపీఎస్ – 1' అని రాసి వదిలేశారు. పేరులేని డబ్బా. పైన అతికించిన వాట్లు లోపల ఉండవు, ఓల్టేజి ఎగిరితే అడ్డుకునేదీ ఉండదు, పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. ఎందుకు పెట్టారు? అద్దంలోంచి కనపడదు కాబట్టి. దాన్ని దాచడానికి కింద ప్రత్యేకంగా ఒక రేకు మూత ఉంటుంది కాబట్టి. కనపడేచోట డబ్బు గుంజి కనపడనిచోట గడ్డి పెట్టడాన్ని వ్యాపారం అనకండి, దానికి వేరే మాటలున్నాయి, ఇక్కడ రాస్తే బాగుండదు. మోటార్లు బాగుచేసే మనిషి సరైన ప్రశ్న అడిగితే నవ్వే హక్కు మీకు ఎవరిచ్చారయ్యా? హరికథలు చెప్పిన సాంబమూర్తి గారు తిరిగిన ఊరు ఈ నెల్లూరు. ఆయన కొడుకు బాలసుబ్రహ్మణ్యం గారు తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని 2020లో వేద పాఠశాలకి ఇచ్చేసిన ఊరు. ఆ కొడుకు ఫోటోకే దండ వేసి, దాని కింద కూర్చుని, పాట చేసుకుంటానని వచ్చిన పిల్లవాడికి ఈ పని చేస్తారా?

లెక్క కూడా చెప్పి పోతాను. ఆ గ్రాఫిక్స్ కార్డు డబ్బుతో మంచి మైకు, ఇంటర్ఫేసు, హెడ్‌ఫోన్లు, వాటికి స్టాండు, ఇంటికి ఎర్తింగు అన్నీ వచ్చి, ఇంకా మిగిలేది. మంచి ఎస్సెంపీఎస్ వచ్చేది. లక్షా నలభై వేలు పెట్టిన కుర్రాడి దగ్గర ఈరోజుకీ సొంత మైకు లేదు. పాట చేసుకోవడానికి కొన్న పెట్టెలో పాటకి కావలసింది తప్ప అన్నీ ఉన్నాయి. పోనీ ఆ కార్డు వెనక్కి తీసుకోండి అంటే, బాక్సు చింపేశారు కదా అన్నారు.

మొన్న వాళ్ల నాయనే కొత్త ఎస్సెంపీఎస్, పాత రకం మదర్‌బోర్డు ఒకటి మద్రాసు రిచ్చీ స్ట్రీట్ నుంచి తెప్పించాడు. ఫ్యాన్ల వైర్లు అయిదు పీకేశాడు. లైట్ల వైర్లన్నీ కత్తిరించి పారేశాడు. పులి చచ్చిపోయింది. ఇప్పుడు మైకు ఒక్కటి కావాలి. ఊళ్లోనే ఇంకో కొట్టులో అడిగితే, ఉందన్నారు, పాటలకి చాలా బాగుంటుందన్నారు, బయటికి తీసి యూఎస్‌బీకి పెట్టి చూపించారు. ఎర్రగా వెలిగింది, ఆకుపచ్చగా వెలిగింది, తర్వాత నీలంగా. "పదహారు రకాలు మారుద్ది తమ్ముడూ" అన్నారు.