పెదనాన్న ఇంట్లో చోటులేని పిల్లాడు

ఆ సినిమా 39 నిమిషాలే. అందులో ఒక పసివాడు చాలాసేపు పెదవి విప్పడు. అమ్మానాన్నలు ఎయిడ్స్‌తో పోయారు, వాడికీ హెచ్‌ఐవీ ఉంది. అలాగని వాడికి నా అన్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. తన పిల్లలు వాడితో ఆడితే ఊళ్లో పిల్లలు వాళ్లను దగ్గరికి రానివ్వరని పెదనాన్న బెంగ. వీడు ఇంట్లో ఉండగా తనకు పిల్లనెవరిస్తారని బాబాయి టెన్షన్.

ఇది చైనాలో అన్హుయ్ రాష్ట్రం, ఫుయాంగ్ పరిధిలోని పల్లెల కథ. రూబీ యాంగ్ దర్శకత్వంలో థామస్ లెనన్ నిర్మించిన ‘ద బ్లడ్ ఆఫ్ యింగ్‌జౌ డిస్ట్రిక్ట్’ 2007లో ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఆస్కార్ గెలిచింది. జబ్బు వల్ల అనాథలైన పిల్లల మీద వచ్చే చాలా చిత్రాలు పిల్లల కన్నీళ్ల దగ్గరే ఆగిపోతాయి. చూసినవాళ్లు చలించి చందా పంపుతారు, అంతటితో సరి. ఇందులో కెమెరా ఇంటి పెద్దల భయం మీద నిలబడింది. నా లెక్కలో ఈ సినిమా గొప్పతనం అదే.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1990లలో హెనాన్‌లోనూ, చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ పేద రైతులు ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, అమ్ముకున్నారు. ఒకే గ్రూపు వాళ్ల రక్తాన్ని కలిపేసి, యంత్రంలో తిప్పి, ప్లాస్మా తీసుకుని, మిగిలిన ఎర్రకణాలను తిరిగి వాళ్ల ఒంట్లోకే ఎక్కించేవారు. అలాగైతే మనిషి నీరసపడడు, కొద్దిరోజుల్లోనే మళ్లీ అమ్ముకోవచ్చు. ఆ గుంపులో ఒక్కరికి వైరస్ ఉన్నా అది మిగతావాళ్లకు పాకేది. ఇంటి గోడలకో, పిల్లల చదువుకో అని రక్తం అమ్మినవాళ్లు ఆ పిల్లల్నే వదిలి పోయారు. ఈ సంగతి చెబుతూ ఊరూరా తిరిగిన డాక్టర్ గావో యావోజియే చివరికి దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. 2023లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఉచిత మందులు, ఎయిడ్స్ అనాథలకు ఉచిత చదువు అని చైనా ప్రభుత్వం 2003లోనే ప్రకటించింది. సినిమా వచ్చింది ఆ తర్వాతే. సర్కారు ఫీజు కట్టగలదు, పక్కింటి పిల్లాడిని వీడి పక్కన కూర్చోబెట్టలేదు కదా! సినిమా తీసినవాళ్లకు ఇది తెలుసు. అందుకే సినిమా ఒక్కటే తీసి ఊరుకోలేదు, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు యావో మింగ్, మ్యాజిక్ జాన్సన్‌లతో టీవీ ప్రకటనలు కూడా చేశారు. హెచ్‌ఐవీతో బతుకుతున్న జాన్సన్ పక్కన యావో కనిపిస్తే పల్లెలో పెదనాన్నకు కాస్త ధైర్యం వస్తుంది.

మన దగ్గరా 2021లో ఇలాంటి పరీక్షే వచ్చింది. కోవిడ్‌తో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10 లక్షల రూపాయల డిపాజిట్ ప్రకటించింది, కేంద్రం కూడా 10 లక్షల నిధి అంది. అదే సమయంలో ‘పసిపాపను దత్తత తీసుకోండి’ అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరిగాయి. పంపినవాళ్లలో ఎక్కువమంది మంచి మనసుతోనే పంపి ఉంటారు. కానీ దత్తత ఫార్వర్డ్ మెసేజ్‌తో అయ్యే పనా? అక్రమ దత్తతలపై చర్య తీసుకోమని సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మంచి మనసుతో చేసినా హద్దు దాటకూడదు, ఇక్కడే ఈ సినిమాతో నాకో పేచీ ఉంది. పిల్లల ముఖాలు, పేర్లు తెరమీద చూపించారు. మన బాలల న్యాయ చట్టం, 2015లోని 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లలను గుర్తుపట్టే వివరాలు మీడియాలో రాకూడదు. ముఖం చూపకపోతే కదిలించలేమని డాక్యుమెంటరీ తీసేవాళ్లు అంటారు. నేనది పూర్తిగా ఒప్పుకోను. పెదనాన్న చెప్పే మాటలు వింటుంటేనే గుండె బరువెక్కుతుంది, పిల్లాడిని వెనకనుంచి చూపించినా సరిపోయేది. ఆ పిల్లాడి పేరు నేనిక్కడ రాయకపోవడానికి కారణమూ అదే.

ఆ సినిమాలో కనిపించిన వయసు పిల్లలకు ఇప్పుడు ఇరవై దాటే వయసు. వాళ్లలో ఎవరికైనా సంబంధం చూస్తుంటే, అటువైపు వాళ్లు ఫోన్‌లో వెతికితే, ఆ 39 నిమిషాలు ముందుకొస్తాయి. పిల్లనెవరిస్తారని ఆనాడు బాబాయి పడ్డ బెంగ ఇప్పుడు ఆ పిల్లాడిది అవుతుంది.