మాత్ర పడకపోతే మానేయడమేనా?

స్టెంట్ వేయించుకున్న మనిషి కొన్ని నెలలకే కొలెస్ట్రాల్ మాత్ర ఆపేస్తాడు. ఎందుకని అడిగితే "నాకు పడలేదు" అంటాడు. పిక్కలు లాగాయి, భుజాలు నొప్పెట్టాయి, మెట్లెక్కడం కష్టమైంది. ఆ బాధ అబద్ధం కాదు. నన్ను కలవరపెట్టేది ఆ తర్వాత జరిగేది. మాత్ర ఆపిన సంగతి డాక్టరుకు చెప్పడు, దాని స్థానంలో మరో మందు రాదు. చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, కొద్ది వారాల్లోనే పాత స్థాయికి చేరుతుంది.

ముందుగా తేల్చుకోవలసింది ఆ "పడలేదు" అన్న మాటనే. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2020లో శాంసన్ అనే అధ్యయనం ఫలితాలు వెల్లడించారు. దుష్ప్రభావాలతో స్టాటిన్, అంటే ఎక్కువమంది వాడే ఆ కొలెస్ట్రాల్ మాత్ర, మానేసిన 60 మందికి నెలకొక సీసా చొప్పున ఏడాదికి సరిపడా ఇచ్చారు. నాలుగింటిలో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్, నాలుగింటిలో మందు లేని మాత్రలు, నాలుగు ఖాళీ సీసాలు. స్టాటిన్ వాడిన నెలల్లో పెరిగిన బాధలో 90 శాతం, మందు లేని మాత్ర వేసుకున్న నెలల్లోనూ కనిపించింది. నొప్పి నిజమే, దానికి కారణం మాత్రం చాలావరకు ఆ రసాయనం కాదు. ఈ ఫలితం చూపించాక వారిలో సగం మంది మళ్లీ స్టాటిన్ మొదలుపెట్టారు.

అయినా ఆ మిగతా సగాన్ని తప్పుపట్టలేం. నొప్పికి కారణంగా థైరాయిడ్ లోపం, విటమిన్ డి లోపం ఉన్నాయేమో చూడాలి. క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వంటి మందు తోడైతే స్టాటిన్ రక్తంలో పేరుకుని కండరాలను నిజంగానే దెబ్బతీస్తుంది. మూత్రం ముదురు రంగులోకి మారి, ఒళ్లంతా నీరసించిపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అంత తీవ్రత లేనివారికి రోసువాస్టాటిన్‌ను తక్కువ మోతాదులో, రోజు విడిచి రోజు ఇచ్చి చూడవచ్చు.

అదీ పడనివారి కోసం వచ్చిన మందుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బెంపెడోయిక్ యాసిడ్. కాలేయంలో ఉన్న ఒక ఎంజైమ్ దాన్ని పనిచేసే రూపంలోకి మారుస్తుంది. ఆ ఎంజైమ్ కండరాల్లో లేదు కాబట్టి అక్కడ అది చురుకుగా మారదు. స్టాటిన్ పడని 13,970 మందిపై జరిగిన క్లియర్ అవుట్‌కమ్స్ అధ్యయనం 2023లో వెలువడింది. ఎల్‌డీఎల్ సుమారు 21 శాతం తగ్గింది, గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు కలిపి 13 శాతం తగ్గాయి. వారిలో దాదాపు సగం మంది స్త్రీలు. గుండె జబ్బుల అధ్యయనాల్లో ఇంతమంది స్త్రీలు ఉండడం అరుదు. అయితే ఈ మందుతో గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ల నొప్పి), పిత్తాశయ రాళ్లు కొంత పెరిగాయి. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవారు ఆ విషయం డాక్టరుకు ముందే చెప్పాలి.

పేగులో కొలెస్ట్రాల్ శోషణను అడ్డుకునే ఎజెటిమైబ్ 2002 నుంచి వాడుకలో ఉంది. విడిగా వాడితే ఎల్‌డీఎల్‌ను 18 శాతం వరకు తగ్గిస్తుంది. ఎవోలోకుమాబ్, అలిరోకుమాబ్ సూదిమందులు సగానికి పైగా తగ్గిస్తాయి, రెండు వారాలకోసారి తీసుకోవాలి. ఇంక్లిసిరాన్ అయితే మొదటి రెండు డోసుల తర్వాత ఆరు నెలలకొకటి చాలు. వీటి ధరే మన మధ్యతరగతికి అడ్డుగోడ.

ఇక వెల్లుల్లి, దాల్చినచెక్క, పసుపు. వంటలో వాటి స్థానం వాటిదే. కానీ 2022లో ఐదు మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్‌తో పోల్చి చూసినప్పుడు, ఆ మాత్ర నాలుగు వారాల్లో ఎల్‌డీఎల్‌ను 38 శాతం దాకా తగ్గించింది. వీటితో చేసిన సప్లిమెంట్లేవీ మందు లేని మాత్ర కంటే చెప్పుకోదగ్గంతగా తగ్గించలేదు.

ఒక లెక్క వేద్దాం. స్టెంట్ వేయించుకున్న వ్యక్తి ఎల్‌డీఎల్ 160 అనుకోండి. ఎజెటిమైబ్, బెంపెడోయిక్ యాసిడ్ కలిపి వాడితే 100 దగ్గరికి వస్తుంది. ఇలాంటివారికి భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో పెట్టిన లక్ష్యం 55 కంటే తక్కువ. ఇంకా ఎంతో దూరం మిగిలే ఉంది. వారానికి మూడు రోజులైనా ఒంటికి పడే చిన్న స్టాటిన్ మాత్రకు అక్కడే విలువ. దానితోనూ అందకపోతే సూదిమందు గురించి అడగాలి, ఆ ఖర్చు భరించగలమో లేదో డాక్టరు ఎదుటే విప్పి చెప్పాలి.